ఆకలి సూచికలో సున్నంబట్టీల వీధి

మా నల్లవరం పురపాలక సంఘంలో ఎవరింట్లో ఎంత ఆకలి ఉందో కనిపెట్టడానికి కిందటి వేసవిలో ఒక పద్ధతి వచ్చింది. ఆ పద్ధతిలో మొదటి నియమం, ఆకలి గురించి ఎవరినీ అడగకూడదు.

ఈ నియమం విని నవ్వినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి శాస్త్రం తెలియదు. ఈ పని మీద ప్రత్యేకంగా వచ్చిన అధికారి ఉద్దండం సుందరశివరావు గారు మున్సిపల్ ఆఫీసు మేడమీద హాల్లో సిబ్బంది నలభైమందినీ కూర్చోబెట్టి గంటన్నరసేపు ఆ శాస్త్రం చెప్పారు.

"ఆకలి ఆత్మాశ్రయం. ముప్పు వస్తునిష్ఠం. మనం కొలవబోయేది ఆకలిని కాదు, ఆకలి ముప్పుని. అది మనిషిలో ఉండదు, వాడలో ఉంటుంది. కనుక మనిషితో మనకి నిమిత్తం లేదు," అన్నారు.

వెనక వరసలోంచి వీరవేణి చెయ్యెత్తింది. ఇరవై ఏడేళ్ళ పిల్ల, వార్డు ఉద్యోగి, డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివింది.

"సర్, అన్నం తిన్నారా అని ఒక్క మాట అడిగేస్తే తెలిసిపోదా అండి?"

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు సుందరశివరావు గారు చిరునవ్వు నవ్వారు.

"తెలియదమ్మా. తిననివాడు పరువు కోసం తిన్నానంటాడు. తిన్నవాడు పథకం కోసం తినలేదంటాడు. రెండూ దత్తాంశ కాలుష్యమే. ఇంటి కప్పు ఎప్పుడూ అబద్ధం చెప్పదు."

ఆ మాటలో నిజం లేకపోలేదని వీరవేణికి కూడా అనిపించింది. రాసుకుంది.

పద్ధతి పేరు 'వాడ స్థాయి గృహ ఆహార అభద్రతా ముప్పు సూచిక'. అందులో పదకొండు అంశాలు. ఇంటి కప్పు రకం, రేషను షాపు ఎంత దూరం, అరవై దాటినవాళ్ళు ఎంతమంది, గదికి ఎంతమంది పడుకుంటారు, కంటికి కనిపించే వంటపాత్రలు ఎన్ని, మధ్యాహ్నం పన్నెండింటికి వీధిలో నిలబడి పీలిస్తే తాలింపు వాసన ఏ ఘాటులో వస్తోంది, ఇలాంటివి. ఘాటుకి ఐదు స్థాయిలు. అన్నీ ఫోనులో నొక్కితే వందకి ఇన్ని అని యాప్ ఒక అంకె చెబుతుంది. డెబ్బై దాటితే ఎరుపు. అందరికంటే ఎర్రగా తేలిన వాడకి 'పోషక ఛత్రం' వస్తుంది. అంటే రోజూ మధ్యాహ్నం వేడివేడి భోజనం. ఊరు మొత్తానికి మంజూరైంది ఒకటే ఛత్రం.

వీరవేణికి సున్నంబట్టీల వీధి పడింది. కాలవ లాకుల వెనకాల ఎనభైనాలుగు ఇళ్ళ వీధి అది. బట్టీలు పోయి ముప్పై ఏళ్ళయింది, పేరు మాత్రం మిగిలింది.

ఆమె మొదట వెళ్ళింది బుల్లెయ్య ఇంటికి. బుల్లెయ్యకి డెబ్బై నాలుగేళ్ళు. బ్యాండుమేళంలో క్లారినెట్ వాయించేవాడు. పెళ్ళిళ్ళలో డీజేలు వచ్చాక మేళం చెదిరిపోయింది. ఆ తర్వాత భార్య పోయింది. రేకులు కప్పిన ఒంటిగదిలో ఒక్కడే ఉంటాడు. గోడకి మేకు మీద ఎర్రకోటు, పక్కన గుడ్డసంచిలో క్లారినెట్. మూలన కిరసనాయిలు స్టవ్వు ఉంది, కానీ దాని మీద రేడియో పెట్టి ఉంది.

వీరవేణి గుమ్మంలో నిలబడి వంటపాత్రలు లెక్కపెట్టింది. అరుగు మీద బోర్లించినవీ, కిటికీలో ఆరబెట్టినవీ కలిపి పంతొమ్మిది స్టీలు గిన్నెలు. దేనిమీదా బుల్లెయ్య పేరు లేదు. ఒకదానిమీద 'అమ్మాజీ' అని చెక్కి ఉంది. ఒకదానిమీద 'కీ.శే. నూకరాజు జ్ఞాపకార్థం'. ఇంకోదానిమీద 'మహబూబ్ జానీ ఇంట పెళ్ళి సందర్భంగా'.

"ఇవన్నీ ఎవరివి తాతగారూ?"

"వీధోళ్ళయ్యమ్మా. నేనేం అడగను. ఒద్దంటాను కూడా. తినేసేనమ్మా అంటాను. ఆయ్, అలాగే అంటారు, అక్కడెట్టి ఎల్లిపోతారు."

వీధిలో ఎవరూ కూర్చుని ఏర్పాటు చేసింది కాదది. అమ్మాజీ పప్పుచారు పెట్టిన రోజున ఎదురింటి కృపావతి అన్నం పెట్టేది. కృపావతికి వీలుకాని రోజున జానీ ఇంట్లోంచి వచ్చేది. ఎనిమిదేళ్ళుగా అలా నడిచిపోతోంది.

వీరవేణి వివరాలు నొక్కింది. మనిషి ఒక్కడు, పాత్రలు పంతొమ్మిది. యాప్ ఒక్క క్షణం ఆలోచించి, ముప్పు తొమ్మిది, రంగు ఆకుపచ్చ, 'సమృద్ధ ఆహార గృహం' అని చెప్పింది. ఆ వీధి మొత్తంలో అంత భద్రంగా ఉన్న ఇల్లు ఇంకొకటి లేదు.

పక్కిల్లు అమ్మాజీది. వీధి చివర బండి మీద రోజుకి మూడొందల ఇడ్లీలు అమ్ముతుంది. వంటంతా బండి దగ్గరే కాబట్టి ఇంట్లో తాలింపు వాసన లేదు. గిన్నెలన్నీ వీధి మీద తిరుగుతున్నాయి కాబట్టి ఇంట్లో ఉన్నవి రెండే. ముప్పు ఎనభై ఎనిమిది, ముదురు ఎరుపు.

"నాకా?" అంది అమ్మాజీ నడుం మీద చేతులు పెట్టుకుని. "ఈదందరికీ టిఫిన్లు పెట్టేదాన్ని, నాకు ఆకలి ముప్పేంటమ్మా?" కాసేపు ఆలోచించి, "సర్లే, రాసుకో. ఎవరన్నా నాకు వండిపెడితే ఎలాగుంటాదో చూడాలనుంది," అంది.

ఎనభైనాలుగు ఇళ్ళూ కలిపితే వీధి సగటు నలభై ఒకటి వచ్చింది. ఆకుపచ్చా కాదు, ఎరుపూ కాదు. ఇంకో మూడు వాడల్లో ఇంతకంటే ఎక్కువ వచ్చింది. వీరవేణి నిజాయితీగా గిన్నెల సంగతి గమనికలో రాసి పైకి పంపింది. గమనికకి యాప్‌లో నలభై అక్షరాలే పడతాయి కాబట్టి 'తాత గిన్నెలు తాతవి కావు' అని రాసింది.

అది చదివి సుందరశివరావు గారు స్వయంగా వచ్చారు. సరిగ్గా పన్నెండింటికి వీధిలో నిలబడి తాలింపు వాసన పీలుస్తుండగా, ఆయన కళ్ళముందే జానీ ఇంటి గోడ మీదనుంచి ఒక గిన్నె లేచి, కృపావతి పెరట్లోకి దిగింది.

"ఏమిటది?" అన్నారు.

"పప్పుచారండి," అంది కృపావతి.

"అది కాదమ్మా. ఆ కదలిక ఏమిటి?"

ఆమె గిన్నె మూత తీసి చూపించింది. ఆయన గంటసేపు అక్కడే నిలబడ్డారు. గిన్నెలు పద్నాలుగుసార్లు గోడలు దాటాయి. ఆయన ముఖం పాలిపోయింది. ఆఫీసుకి తిరిగివెళ్ళి వీరవేణిని పిలిచారు.

"ఇది గృహాంతర ఆహార చలనం. ఒక ఇంటి కూర రెండో ఇంట్లో ఉంటే నేను ముప్పు ఎక్కడ కొలవాలి? ఈ వీధి మన దగ్గర తన అసలు ముప్పుని దాచిపెడుతోంది. స్థిరీకరించాలి."

మర్నాడు వీధి మొదట్లో ఫ్లెక్సీ కట్టారు. సోమవారం నుంచి ఆదివారం దాకా 'స్థిరీకరణ వారం'. వండిన ఆహారం గోడ గానీ, గుమ్మం గానీ, అరుగు గానీ దాటరాదు. కొనుక్కోవడానికి అభ్యంతరం లేదు. 'భోంచేశారా', 'ఏం కూర' మొదలగు ప్రశ్నలు శిక్షణ లేని వ్యక్తులు జరుపు అనధికార సర్వే కిందికి వచ్చును గనుక వాటిని మానుకోవలెను.

సుందరశివరావు గారు వీధివాళ్ళని కూర్చోబెట్టి నచ్చజెప్పారు. "ఒక్క వారం ఓపిక పట్టండి. ఎవరి ముప్పు వారి దగ్గర నిలబడితే మీ వీధి ఎర్రబడుతుంది. ఛత్రం మీకే వస్తుంది."

వీధి అంతా అటూ ఇటూ చూసింది. బుల్లెయ్య వైపు మాత్రం ఎవరూ చూడలేదు. ఛత్రం వస్తే ముసలాయనకి రోజూ పద్ధతిగా భోజనం ఉంటుంది కదా అని అందరి మనసులోనూ ఉంది. సరేనన్నారు. పాపం, పిల్లాపాపలున్న వీధికి ఛత్రం వస్తుందంటే నేనొక్కణ్ణి వారం ఓర్చుకోలేనా అని బుల్లెయ్య అనుకున్నాడు. ఆయనా సరేనన్నాడు.

సోమవారం ఉదయం కుళాయి దగ్గర అమ్మాజీ, కృపావతి ఎదురుపడ్డారు.

"ఏమ్మా..." అని అమ్మాజీ ఆగిపోయింది. ఆ తర్వాతి మాట ఫ్లెక్సీలో ఉంది. "నీళ్ళొత్తున్నాయా?" అంది చివరికి.

"వత్తున్నాయక్కా," అంది కృపావతి. ఇద్దరి బిందెల్లోనూ నీళ్ళు పడుతూనే ఉన్నాయి.

మంగళవారం నుంచి ఆఫీసుకి సందేహాలు రావడం మొదలైంది. పంచదార ఇచ్చుకోవచ్చా? వండింది కాదు కనుక ఇచ్చుకోవచ్చని సమాధానం వెళ్ళింది. మజ్జిగ తోడు? దానిమీద ఒకరోజు చర్చ జరిగి, తోడు అనేది ఆహారం కాదు, ప్రక్రియ అని తేలింది. ఒకరి పెరట్లో కరివేపాకు కొమ్మ పక్కవాళ్ళ పెరట్లోకి వంగి ఉంటే? 'శాఖ దాటవచ్చును, ఆకు కోయరాదు' అని సుందరశివరావు గారు సంతకం పెట్టి పంపారు.

జానీ ఇంట్లో అలవాటుకొద్దీ పనసపొట్టు కూర పెద్ద గిన్నెడు వండారు. పంచడానికి లేక రెండు రోజులు మూడుపూటలా అదే తిన్నారు. వంకాయలో ఉప్పు ఎక్కువైందో తక్కువైందో చెప్పేవాళ్ళు లేక కృపావతి బెంగపెట్టుకుంది. వీధిలో తగువులు కూడా తగ్గిపోయాయి, మాటలుంటే కదా తగువులుండేది. సుందరశివరావు గారికి మాత్రం సంతోషంగా ఉంది. అంకెలు రోజురోజుకీ నిలకడగా వస్తున్నాయి.

వీరవేణి రోజూ వాసన చూడడానికి వీధికి వచ్చేది. బుల్లెయ్య మొదటి రెండు రోజులు టీలో బన్ను ముంచుకుని తిన్నాడు. బుధవారం రెండు అరటిపళ్ళు. అమ్మాజీ బండి దగ్గర కొనుక్కోవచ్చు, కానీ ఆవిడ దగ్గరికి వెళితే ఊరికే ఇచ్చేస్తుందనీ, దాంతో వీధి లెక్క చెడిపోతుందనీ ఆయన ఆ ఛాయలకే పోలేదు.

రోజూ సాయంత్రం అయిదింటికి ఆయన అరుగు మీద కూర్చుని కాలవ వైపు తిరిగి కాసేపు క్లారినెట్ వాయించేవాడు. గురువారం అయిదు దాటింది. వాయిద్యం ఒళ్ళో ఉంది. రెండుసార్లు నోటిదాకా ఎత్తి దించేశాడు. వీరవేణి చూస్తూ నిలబడింది. ఏం తిన్నారని అడగడానికి లేదు.

"ఇవాళ వాయించలేదేం తాతగారూ?" అంది.

"గాలి లేక కాదమ్మా. కడుపు నిండా గాలే ఉంది. దాన్ని పైకి తోసే బలమే..." అని, నోరు జారినట్టు గ్రహించి, "ఏం లేదులే. క్లారినెట్ పీక పాడైంది. రేపు మార్పిస్తాను," అన్నాడు.

వీరవేణి తన చేతిలోని ఫోనులో ఆ ఇంటి అంకె చూసింది. గిన్నెలు వెనక్కి వెళ్ళిపోయాయి కాబట్టి తొమ్మిది కాస్తా ఎనభై మూడైంది. శాస్త్రం ప్రకారం ఇప్పుడే అది సరిగ్గా ఉంది. సరిగ్గా రావడానికి ఆయన్ని నాలుగు రోజులు పస్తు పెట్టాల్సి వచ్చిందని ఆమెకి అర్థమైంది. అందులో తన చెయ్యీ ఉంది.

తిన్నగా ఆఫీసుకి వెళ్ళింది. నూట పద్దెనిమిది పేజీల నియమావళి తీసి మొదటి నుంచి చదివింది. అంతవరకూ ఆఫీసులో దాన్ని మొత్తం చదివినవాళ్ళు లేరు. ఇరవై రెండో పేజీ దగ్గర ఆగిపోయింది. 'గృహము అనగా సాధారణముగా ఒకే వంటను పంచుకొని భుజించు వ్యక్తుల సముదాయము. వారి మధ్య రక్తసంబంధము ఉండనవసరము లేదు. వారు ఒకే కప్పు కింద నివసించవలెనన్న నిబంధన లేదు.'

మూడుసార్లు చదివింది. ఆఖరిసారి పైకి చదివింది.

శుక్రవారం పొద్దున్నే కుళాయి దగ్గర నిలబడి, నీళ్ళకి వచ్చిన ప్రతివాళ్ళనీ ఒకటే ప్రశ్న అడిగింది. "కిందటి వారం మీ గిన్నె ఎవరింట్లో ఉంది?" అది ఆకలి గురించిన ప్రశ్న కాదు, పాత్రల గురించిన ప్రశ్న. నియమాలు ఒప్పుకుంటాయి. కాగితం మీద ఇంటి నుంచి ఇంటికి గీతలు గీసింది. పదకొండయ్యేసరికి గీత తగలని ఇల్లు ఒక్కటీ మిగల్లేదు.

పాత వివరాలన్నీ రద్దు చేసి కొత్తగా నొక్కింది. గృహాల సంఖ్య ఒకటి. సభ్యులు మూడువందల పన్నెండు. యజమాని ఎవరని యాప్ అడిగింది, వయసులో పెద్దవాడు కాబట్టి బుల్లెయ్య పేరు రాసింది. నిశ్చయమేనా అని యాప్ ఇంకోసారి అడిగింది. నిశ్చయమేనంది.

"అక్కా, ఇప్పుడు వీధంతా ఒకటే ఇల్లు," అని అమ్మాజీకి చెప్పింది. "ఒకే ఇంట్లో గిన్నె అటూ ఇటూ తిరిగితే గృహాంతరం కాదు. వంటింట్లోంచి హాల్లోకి..."

అమ్మాజీ అప్పటికే లేదు. ఆవిడ వెనకాల కృపావతి, ఆమె వెనకాల జానీ భార్య పనసపొట్టు కూరతో పరిగెత్తారు. బుల్లెయ్య అరుగు మీద ఒకేసారి తొమ్మిది గిన్నెలు దిగాయి.

"తినేసేనమ్మా," అన్నాడాయన అలవాటుగా.

"నీ మొకం! ముద్ద కలుపు ముందు," అని అమ్మాజీ కసిరి, గుడ్లనీరు కుక్కుకుంటూ పక్కన కూర్చుంది. "నిదానంగా తిను బాబాయ్. ఎవరూ ఎత్తుకుపోరు."

ఆయన తలెత్తకుండా తిన్నాడు. చెయ్యి కడుక్కుని అక్కడే పడుకుని నిద్రపోయాడు. సాయంత్రం కాలవ గట్టు దాకా క్లారినెట్ పెళ్ళిపాట ఒకటి వినిపించింది. మధ్యలో రెండు చోట్ల తప్పింది. ఎవరూ పట్టించుకోలేదు.

శనివారం సుందరశివరావు గారు మండిపడుతూ వచ్చారు.

"ఏమిటమ్మా ఇది? ఎనభైనాలుగు ఇళ్ళు నీకు ఒక గృహంగా కనిపించాయా? ఈ నిర్వచనం నీకు ఎవరిచ్చారు?"

వీరవేణి ఇరవై రెండో పేజీ తీసి ముందు పెట్టింది. తర్వాత ఆఖరి పేజీ తిప్పింది. అక్కడ నిర్వచనాల ఉపసంఘం సభ్యుల పేర్లున్నాయి. మూడో పేరు ఉద్దండం సుందరశివరావు.

ఆయన కళ్ళజోడు సవరించుకుని మొత్తం చదివారు. తన పేరు మీద వేలు పెట్టి ఇంకోసారి చూసుకున్నారు.

"నిర్వచనం బాగా కుదిరింది," అన్నారు చివరికి.

ఆదివారం ఫలితం వచ్చింది. మూడువందల పన్నెండుమంది ఉన్న గృహం, యజమానికి డెబ్బై నాలుగేళ్ళు, ఆయనకి సంపాదన లేదు. ముప్పు తొంభై ఏడు. అంత ఎరుపు ఎక్కడా ఎవరూ చూడలేదని పైనుంచి అభినందన వచ్చింది. ఛత్రం సున్నంబట్టీల వీధికే మంజూరైంది.

ప్రారంభం నాడు షామియానా వేశారు. రిబ్బను కట్టారు. కొత్త వ్యాను బూరా కొట్టుకుంటూ వచ్చి ఆగింది. వీధి మొత్తం పళ్ళేలతో నిలబడింది. ఇద్దరు ఉద్యోగులు వెనకతలుపు తెరిచి, లోపల్నుంచి ఒక్క భోజనం పొట్లం దించారు.

"మిగతాయో?" అంది అమ్మాజీ.

"గృహానికి ఒకటమ్మా," అన్నారు సుందరశివరావు గారు.

"మూడొందల పన్నెండు మందికి ఒక పొట్లమా అండి!"

"గృహం ఒక్కటే కదా. మేం నిర్వచనానికి కట్టుబడి ఉన్నాం."

పొట్లం యజమాని చేతికిచ్చి, మూడు చోట్ల సంతకం పెట్టించుకుని, ఫొటో తీశారు. వీధివాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. ముందు జానీకి నవ్వొచ్చింది. తర్వాత అందరికీ వచ్చింది. అసలు ఆ పొట్లం ఎవరికి రావాలనుకున్నారో వాళ్ళకే వచ్చింది. ఆనాటి నుంచి బుల్లెయ్య ఒక్కడి కోసం రోజూ ఒక వ్యానూ, డ్రైవరూ, ఇద్దరు ఉద్యోగులూ వస్తున్నారు. సాంబారు పల్చగా ఉంటోందని ఆయన ఫిర్యాదు. గిన్నెలు మానేద్దామని మాత్రం ఎవరికీ తోచలేదు.

ఈ విజయం తర్వాత పైవాళ్ళు పద్ధతిని రాష్ట్రమంతటికీ విస్తరించాలనుకున్నారు. ముందుగా అధికారులే తమ తమ ఇళ్ళ వివరాలు నింపి దారి చూపాలన్నారు. కొత్త ఫారంలో సుందరశివరావు గారు స్వయంగా చేర్పించిన అంశం ఒకటుంది. 'గత ముప్పై రోజుల్లో మీకు ఏ ఇంటి నుంచి వంటకం వచ్చింది? మీ ఇంటి నుంచి ఏ ఇంటికి వెళ్ళింది?'

ఆయన ఆఫీసర్ల క్వార్టర్సులో రెండో అంతస్తులో ఒక్కరే ఉంటారు. భార్యకి కాకినాడలో ఉద్యోగం, పిల్లలు అక్కడే చదువుతున్నారు. రెండుపూటలా హోటలు నుంచి క్యారేజీ వస్తుంది. ఆ అంశం దగ్గర ఆయన పెన్ను చాలాసేపు ఆగిపోయింది. వీరవేణిని పిలిచారు.

"ఇది ఖాళీగా వదిలితే యాప్ తీసుకుంటుందా?"

"తీసుకోదండి. తప్పనిసరి అని తమరే పెట్టించారు."

"ఓహో."

"ఎదురింటివాళ్ళు ఎప్పుడైనా ఏమైనా..."

"ఎదుట నీటిపారుదల వారున్నారు. ఆయన పేరు... తలుపు మీద బోర్డుందమ్మా. చదవలేదు."

ఆ ఆదివారం మధ్యాహ్నం పన్నెండున్నరకి ఆయన చంకలో ఫైలుతో సున్నంబట్టీల వీధికి వచ్చారు. ఆకస్మిక తనిఖీ అన్నారు. లెక్క సరిచూసే పని మీద వీరవేణి అక్కడే ఉంది. అమ్మాజీ ఆయన్ని ఎగాదిగా చూసి, ఒక్క మాట కూడా అడక్కుండా బుల్లెయ్య పక్కన ఆకు వేసింది. అన్నం, మజ్జిగపులుసు, దోసావకాయ, జానీ ఇంటి నుంచి వేపుడు.

ఆయన ఫైలు పక్కన పెట్టి తిన్నారు. కాసేపటికి మెల్లగా, "నమూనా పరిమాణం చాలలేదమ్మా," అన్నారు.

అమ్మాజీకి అర్థం కాక వీరవేణి వైపు చూసింది.

"ఇంకాస్త వెయ్యమంటున్నారక్కా."

చెయ్యి కడుక్కుని వచ్చి ఆయన వీరవేణిని అడిగారు. "ఈ వీధికి వారం వారం తనిఖీ చెయ్యాలని నియమావళిలో ఎక్కడైనా ఉందా?"

"లేదండి."

"అయితే ఉత్తర్వు తయారుచెయ్యి. ప్రతి ఆదివారం. పన్నెండున్నరకి."

ఫారంలో మొదటి గడి అలా నిండింది. రెండోది మిగిలింది. పై ఆదివారం ఆయన హోటలు క్యారేజీ గిన్నె ఒకటి కడిగి, అందులో తన చేత్తో చేసిన ఉప్మా పట్టుకొచ్చారు. కాలవ లాకుల దాకా వ్యాపించిన మాడువాసన వీరవేణి ఐదో స్థాయి కింద మనసులోనే రాసుకుంది. ఉప్మా గిన్నె ఆకారంలోనే బయటికి వచ్చి, ఆకు మీద అలాగే నిలబడింది. వీధి మొత్తం అమ్మాజీ మొహం వైపు చూసింది. ఆవిడ ఒక మూల తుంచి నోట్లో వేసుకుని, చాలాసేపు నమిలింది.

"ఉప్పు సరిపోయిందండి," అంది.

సుందరశివరావు గారు జేబులోంచి పెన్ను తీసి ఆ మాట రాసుకున్నారు.